వీరుని ఇల్లు

పాఠ్యభాగ నేపథ్యం

సైనికుని శౌర్యాన్ని కీర్తించే వాఙ్మయానికి మన భాషలో కొదువ లేదు. ఆ సైనికుడు సేవ ముగించి ఇంటికి వచ్చిన తరువాత అతని బ్రతుకుతెరువు ఏమిటి? అతడు తిరిగి రాకపోతే అతని ఇంటి పోషణభారం ఎవరిది? ఈ ప్రశ్నలను మన పూర్వులు ఎట్లా భావించారో, నేటి ప్రభుత్వాలు వీటికి ఏ ఏర్పాట్లు చేశాయో వివరించే వ్యాసం ఇది.

పాఠ్యభాగం

పల్నాటి సీమలో నాగులేటి ఒడ్డున కారంపూడి ఉన్నది. క్రీ.శ. 12వ శతాబ్దం చివరి పాదంలో నలగామరాజు పక్షానికీ, మలిదేవాదుల పక్షానికీ ఘోర యుద్ధం జరిగినది ఇక్కడనే. ఆ యుద్ధంలో నేలకొరిగినవారి కోసం వెలసిన వీరుల గుడి వద్ద ప్రతి సంవత్సరం కార్తిక మాసం చివర, అమావాస్యతో ఆరంభించి అయిదు రోజులపాటు ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ అయిదు దినాలకు పేర్లు. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల నుండియే గాక దూరదేశాల నుండి కూడ వీరాచారవంతులు తరలివచ్చి, తమ పూర్వవీరుల ఆయుధాలను నాగులేటిలో శుభ్రపరచి పూజిస్తారు. ఎనిమిది శతాబ్దాలు గడచినా మృతవీరుల పేర్లు ఇంతగా జనం నోళ్లలో నానడం సామాన్యవిషయం కాదు.

అయితే ఈ గాథను చదివేటప్పుడు ఒక చిన్న విషయం గమనింపదగినది. శ్రీనాథుని పేరిట ప్రసిద్ధమైన ద్విపదకావ్యం 'పల్నాటి వీరచరిత్ర'లో బాలచంద్రుడు ఉన్నాడు. అతనిని కన్న ఐతాంబ ఉన్నది. రణానికి సాగనంపిన మాంచాల ఉన్నది. వీరు ముగ్గురూ ఉదాత్తపాత్రలు. కాని బాలచంద్రుని వెంట నడచి, పేరు లేకుండా కూలిపోయిన సామాన్య భటుని మాట ఏమి? అతని ఇంటిలో మరునాడు పొయ్యి వెలిగినదా? ఈ ప్రశ్న కావ్యకర్తకు తోచలేదని ఆక్షేపించడం న్యాయం కాదు. వీరగాథ యుద్ధభూమిని వర్ణిస్తుంది. వంటింటిని వర్ణించడం దాని స్వభావం కాదు. ఆ వంటింటి సంగతి తెలుసుకోవాలంటే వీరకావ్యాలను విడిచి రాజనీతిగ్రంథాలను ఆశ్రయించాలి.

మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజు కొలువుకు వచ్చి, కుశలప్రశ్నల రూపంలో రాజధర్మాన్ని అంతటినీ ఉపదేశిస్తాడు. వ్యాసభారతంలోని ఆ ప్రశ్నలలో ఒకటి, నీ కొరకు మరణించినవారి భార్యలను, నీ కొరకు కష్టాలపాలైనవారిని నీవు పోషిస్తున్నావా అన్నది. ఇందులో దయ, దానం అన్న ప్రసక్తి లేదు. 'నీ కొరకు' అన్న మాటలోనే సర్వమూ ఇమిడి ఉన్నది. ఎవరి పనిమీద ప్రాణం పోయినదో, ఆ ప్రాణాన్ని నమ్ముకొన్నవారి భారం వారిదే.

కౌటిల్యుడు ఈ భావాన్నే శాసనరూపంలో చెప్పాడు. రాజోద్యోగుల జీతభత్యాలను నిర్ణయించిన ప్రకరణంలో, విధినిర్వహణలో మరణించినవారి భార్యాపుత్రులు భత్యాన్నీ వేతనాన్నీ పొందవలెనని, వారి ఇంటిలోని పిల్లలను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను రాజు ఆదుకోవలెనని అర్థశాస్త్రం విధించినది. ఆ ఇండ్లలో చావు, జబ్బు, పురుడు సంభవించినప్పుడు ధనసహాయం చేయవలెనని కూడ ఆ గ్రంథంలో ఉన్నది. పురుడు సంగతి కూడ మరువని ఆ ఆచార్యుని లోకజ్ఞత మెచ్చదగినది. నేడు మనం 'కుటుంబ పింఛను' అని వ్యవహరించే ఏర్పాటుకు మూలభావం ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

మధ్యయుగంలో ఇది భూదానరూపం దాల్చినది. పల్లెపట్టులలో కనిపించే వీరగల్లులు మీకు తెలిసినవే. కత్తి ఎత్తిన వీరుడు, అతనిని స్వర్గానికి తోడుకొనిపోయే అప్సరసలు వాటిపై మలచి ఉంటారు. కన్నడ దేశపు శాసనాలలో 'నెత్తరు గొడగె' అనే మాట వస్తుంది. నెత్తురు చిందించినందుకు ఇచ్చిన మాన్యం అని దాని అర్థం. వీరునికి శిల, అతని సంతతికి చేను అన్నమాట. ఆధునిక కాలంలో కూడ ఈ సంప్రదాయం పూర్తిగా పోలేదు. 2025 మే నెలలో జమ్మూ సరిహద్దున వీరమరణం పొందిన మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా కళ్లితండాకు చెందినవాడు. ఆ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షల రూపాయలతోపాటు 5 ఎకరాల భూమిని, ఇంటిస్థలాన్ని, ఒక ఉద్యోగాన్ని ప్రకటించినది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేటవాసి కర్నల్ సంతోష్‌బాబు సతీమణికి తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరు పదవిని ఇచ్చినది.

ఇక్కడ ఒక భేదాన్ని గ్రహించాలి. ఇటువంటి ప్రకటనలు ఆయా సందర్భాలలో ఆయా రాష్ట్రప్రభుత్వాలు చేసేవి. రాష్ట్రానికీ రాష్ట్రానికీ, ఏటికీ ఏటికీ వీటి పరిమాణం మారుతుంది. పత్రికలలో పెద్ద అక్షరాలతో కనిపించేవి ఇవే. వీటికంటె శాశ్వతమైనది, నెలనెలా ఇంటికి చేరేది, ఎవరి దయ మీదా ఆధారపడనిది మరొకటి ఉన్నది. అది పింఛను. దాని సంగతి పత్రికలలో తక్కువగా వస్తుంది కనుక దానిని గురించి కొంత విపులంగా తెలుసుకొందాం.

భారత సైన్యంలో సామాన్య జవాను పింఛనుకు అర్హుడు కావాలంటే కనీసం 15 సంవత్సరాలు సేవ చేయాలి. అధికారులకు ఇది 20 సంవత్సరాలు. పద్దెనిమిదేండ్ల ప్రాయంలో చేరిన జవాను చాలామంది పౌరోద్యోగులకు జీవితం కుదుటపడే వయసులోనే, అనగా ముప్పై అయిదుకూ నలభైకీ నడుమ, విశ్రాంతుడవుతాడు. అప్పటికి పిల్లలు ఇంకా బడిలో ఉంటారు; తల్లిదండ్రులు వార్ధక్యంలో ఉంటారు. అతని పింఛను చివరి వేతనంలో సగం. త్వరగా విశ్రాంతి పొందినందువల్ల అతడు ఆ పాతవేతనం లెక్కకే దశాబ్దాలపాటు కట్టుబడి ఉండవలసి వచ్చేది. అదే హోదాలో, అంతే కాలం పనిచేసి, పదేండ్ల తరువాత విరమించిన మరొకరికి ఎక్కువ పింఛను వచ్చేది. ఈ అసమానతను తొలగించాలని మాజీ సైనికులు చిరకాలం కోరిన ఫలితమే 'ఒకే హోదా, ఒకే పింఛను' విధానం. 2015 నవంబరులో వెలువడిన ఉత్తర్వు ప్రకారం ఇది 2014 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. అయిదేండ్లకొకసారి పింఛనులను తిరిగి సరిచూడాలన్న నియమాన్ని అనుసరించి 2019, 2024 సంవత్సరాల జూలై నుండి సవరణలు జరిగాయి.

సైనికుడు మరణిస్తే భార్యకు వచ్చే కుటుంబ పింఛను మరణకారణాన్ని బట్టి మూడు విధాలు. ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక జవాను చివరి నెల వేతనం 40,000 రూపాయలు అనుకొందాం. అతడు సేవలో ఉండగా సైనికవిధులతో సంబంధం లేని జబ్బుతో మరణించాడు. అప్పుడు వచ్చేది సాధారణ కుటుంబ పింఛను. మొదటి పదేండ్లు వేతనంలో 50 శాతం, అనగా 20,000 రూపాయలు. ఆ తరువాత 30 శాతం, అనగా 12,000 రూపాయలు. సైనికసేవ కారణంగానే మరణం సంభవించినదని, లేదా సేవవల్లనే వ్యాధి ముదిరినదని తేలితే ప్రత్యేక కుటుంబ పింఛను వస్తుంది. అది 60 శాతం, అనగా 24,000 రూపాయలు. శత్రువుతో పోరాటంలోనో, ఉగ్రవాదుల దాడిలోనో మరణిస్తే ఉదారీకృత కుటుంబ పింఛను. అది పూర్తి వేతనం, అనగా 40,000 రూపాయలు. వీటన్నిటికీ కరువు భృతి అదనం. మరణకారణాన్ని నమోదుచేసే ఒక్క వాక్యం ఒక కుటుంబపు నెలరాబడిని పన్నెండు వేలకో, నలభై వేలకో నిర్ణయిస్తుందని దీనివల్ల తెలుస్తుంది. కనుక ఆ కాగితంలో ఏమి వ్రాశారో చదివి తెలుసుకొనే చదువరి ఆ ఇంటిలో ఒకరు ఉండడం ఎంతో అవసరం.

భర్తను పోగొట్టుకొన్న స్త్రీ పక్షాన పోరాడినవారిలో మోహినీ గిరిని తప్పక స్మరించాలి. ఆమె మన తెలుగువాడైన రాష్ట్రపతి వి.వి.గిరి కోడలు. 1971 యుద్ధంలో భర్తలను కోల్పోయిన స్త్రీల దుఃస్థితిని చూసి, 1972లో ఢిల్లీలో యుద్ధవితంతువుల సంఘాన్ని స్థాపించారు. అటువంటి స్త్రీలను నేడు 'వీరనారి' అని గౌరవంగా పిలుస్తున్నాము. పేరు గౌరవమైనదే కాని, నిబంధనలు అన్నివేళలా అంత గౌరవంగా లేవు. శౌర్యపతకానికి వచ్చే భృతిని పొందుతున్న వితంతువు పునర్వివాహం చేసుకొంటే, మరణించిన భర్త సోదరుని పెండ్లాడితేనే ఆ భృతి కొనసాగుతుందన్న షరతు ఒకటి చాలాకాలం ఉండేది. ఆమె ఎవరిని వరించాలో ఖజానా నిర్ణయించినట్లు! ఆ షరతును 2017 నవంబరులో తొలగించారు.

సైనిక సంక్షేమవ్యవస్థకు నూరేండ్ల చరిత్ర ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయ సైనికులు సముద్రాలు దాటి వెళ్లారు. 70 వేలకు మించి మరణించారు. అవయవాలు కోల్పోయి వచ్చినవారికి వృత్తివిద్యలు నేర్పడానికి 1917లో క్వీన్ మేరీ సంస్థ ఆరంభమైనది. అది నేటికీ పుణే సమీపాన ఖడ్కీలో పనిచేస్తున్నది. యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1919లో ఏర్పడిన సైనికుల బోర్డే క్రమంగా నేటి కేంద్రీయ సైనిక్ బోర్డుగా పరిణమించినది. దీనికి రక్షణమంత్రి అధ్యక్షులు. రాష్ట్రంలో రాజ్య సైనిక్ బోర్డు, జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన జిల్లా సైనిక్ బోర్డు ఉంటాయి. 1949 నుండి ప్రతి డిసెంబరు 7న సాయుధదళాల పతాకదినం జరుపుతున్నాము. ఆనాడు కళాశాలలో మీ చొక్కాలకు చిన్న జెండాను గుచ్చి వసూలు చేసే రూపాయలు ఈ బోర్డుల ద్వారానే మాజీ సైనికుల కుటుంబాలకు చేరుతాయి. పింఛను రాని వృద్ధ మాజీ సైనికులకు, వారి వితంతువులకు ఇచ్చే నెలసరి సహాయాన్ని 2025 నవంబరు నుండి 4,000 రూపాయల నుండి 8,000 రూపాయలకు పెంచారు. పిల్లల చదువుకు ఇచ్చే సహాయాన్ని 1,000 నుండి 2,000 రూపాయలకు, కుమార్తె వివాహానికి ఇచ్చే సహాయాన్ని 50 వేల నుండి లక్ష రూపాయలకు పెంచారు.

వైద్యం సంగతి. 2003 ఏప్రిల్ 1న ఆరంభమైన మాజీ సైనికుల ఆరోగ్యపథకం కింద, ఒక్కసారి చందా చెల్లించిన విశ్రాంత సైనికునికి, అతని భార్యకు, అతనిపై ఆధారపడిన పిల్లలకు, తల్లిదండ్రులకు జీవితాంతం వైద్యం లభిస్తుంది. మొదట పాలీక్లినిక్కుకు వెళ్లాలి. అక్కడివారు వ్రాసి ఇస్తే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో రొక్కం చెల్లించకుండా చికిత్స పొందవచ్చు. ఇంత గొప్ప సదుపాయం ఉండగా, మాజీ సైనికుడనగానే చవకసరుకులు దొరికే క్యాంటీనును మాత్రమే తలచుకొనే పొరుగువారు మన ఊళ్లలో కొందరు ఉన్నారు. ఆ పొరుగువారి సంగతి ఇంతటితో చాలు.

మీ ఈడు విద్యార్థులకు నేరుగా సంబంధించిన సదుపాయాలు రెండు ఉన్నాయి. మొదటిది ప్రధానమంత్రి ఉపకారవేతనం. మాజీ సైనికుల పిల్లలు, సైనికుల వితంతువులు ఇంటర్మీడియట్‌లో 60 శాతం మార్కులు పొంది వృత్తివిద్యాకోర్సు మొదటి సంవత్సరంలో చేరితే దీనికి దరఖాస్తు చేయవచ్చు. బాలికలకు నెలకు 3,000, బాలురకు 2,500 రూపాయలు. దేశమంతటా ఏటా 5,500 మందికి ఇస్తారు. రెండవది ఇంజనీరింగు మొదలైన కోర్సుల ప్రవేశాలలో సైనికోద్యోగుల పిల్లలకు కేటాయించిన 2 శాతం సీట్లు. ప్రవేశపత్రాలలో 'క్యాప్' అనే మూడక్షరాల ఆంగ్లసంకేతం ఎదురుగా ఒక చిన్న గడి ఉంటుంది. తండ్రి ఇరువది ఏండ్లు మంచుకొండల్లో కాపలా కాసినా, ఆ గడిలో గుర్తు పెట్టడం తెలియక సీటు పోగొట్టుకొన్న విద్యార్థులను నా ఉద్యోగజీవితంలో ఒకరికంటె ఎక్కువమందినే చూశాను. ఆ గుర్తుతోపాటు జిల్లా సైనిక సంక్షేమాధికారి ధ్రువపత్రం కూడ కావాలి. ఉమ్మడి గుంటూరు జిల్లాకు ఆ కార్యాలయం గుంటూరులో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినది కాని, మాచర్ల విద్యార్థికి గుంటూరు ప్రయాణం ఒకనాటి పని. కనుక కౌన్సెలింగు దగ్గరపడే వరకు ఆగరాదు.

ఇన్ని ఏర్పాట్లు ఉండి కూడ కొన్ని కుటుంబాలకు అవి అందకపోవడానికి కారణం తరచుగా కాగితాలలో ఉంటుంది. ఒక ఇంటిని ఊహించండి. రెంటచింతల వైపు ఒక పల్లె. జవానుకు పెండ్లి అయినది. పెండ్లిసంగతిని దళంలో నమోదు చేయించినప్పుడు భార్యపేరు 'లక్ష్మి' అని చెప్పాడు. ఆధార్ కార్డులో ఆమె 'లక్ష్మీకాంతమ్మ'. బ్యాంకుపుస్తకంలో పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నది. భర్త ఉన్నంతకాలం ఈ మూడు పేర్లూ ఒక మనిషివే. అతడు పోయిన మరునాటి నుండి అవి ముగ్గురు మనుషులు. ఆమె ఒక్కతే అని నిరూపించడానికి ప్రమాణపత్రాలు, తహసీలుదారు ధ్రువీకరణ, దళపు రికార్డు కార్యాలయానికి ఉత్తరాలు, నెలల తరబడి నిరీక్షణ. పెండ్లి, పిల్లల పుట్టుక దళంలో నమోదైన ఉత్తర్వు నకలు, డిశ్చార్జి పుస్తకం, పింఛను చెల్లింపు ఉత్తర్వు ఈ మూడూ ఇంటిలో ఎక్కడ ఉన్నాయో భార్యకు, పెద్దబిడ్డకు తెలిసి ఉండాలి. మూడింటిలోనూ పేర్లు ఒక్కటిగా ఉన్నవో లేదో సైనికుడు బ్రతికి ఉండగానే సరిచూసుకోవాలి. చెప్పడానికి అశుభంగా తోచే మాట ఇది. అయినా చెప్పక తప్పదు.

ఇంటి ఎల్లలు ఇప్పుడు సముద్రాల ఆవలికి కూడ వ్యాపించాయి. మాజీ సైనికుల బిడ్డలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉద్యోగాలు చేస్తున్నారు. వృద్ధురాలైన తల్లి వారి వద్దకు వెళ్లి ఉంటున్నది. పింఛనుదారు జీవించి ఉన్నట్లు ఏటా నవంబరులో జీవనప్రమాణపత్రం సమర్పించాలన్నది నియమం. అది అందకపోతే పింఛను నిలిచిపోతుంది. విదేశంలో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేటు అధికారి సంతకంతో ఆ పత్రాన్ని పంపవచ్చు. ఆలస్యమైనా పత్రం అందిన పిదప బకాయిలతో సహా పింఛను తిరిగి వస్తుంది కనుక కంగారుపడి తిరుగుప్రయాణం చేయనక్కరలేదు. కాని ఆరోగ్యపథకపు కార్డుకు అమెరికా ఆసుపత్రిలో విలువ లేదు. ప్రయాణానికి ముందే వేరుగా ఆరోగ్యబీమా తీసుకోవాలి. మన సైన్యంలో సేవచేసి స్వదేశానికి వెళ్లిపోయిన నేపాలీ గూర్ఖాల కోసం మాత్రం భారతప్రభుత్వం కాఠ్మండు, పోఖరా, ధరాన్ పట్టణాలలో పింఛను కార్యాలయాలను నడుపుతున్నది. దేశం దాటినంతమాత్రాన ఋణం తీరదన్న న్యాయం అక్కడ చక్కగా పాటించబడుతున్నది.

తిరిగి రానివారి పేర్లు మాత్రం పరదేశపు రాళ్లపై ఉన్నాయి. ఫ్రాన్సులోని నూవ్ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కరించిన స్మారకంపై 4,700కు పైగా భారతీయుల పేర్లు చెక్కబడ్డాయి. రంగూన్ సమీపంలో తౌక్యాన్ వద్ద, రెండవ ప్రపంచయుద్ధంలో బర్మారంగంలో మరణించి సమాధి కూడ ఎరుగని సుమారు 27 వేల మంది పేర్లు స్తంభాలపై ఉన్నాయి. అవి కూడ వీరగల్లులే. కాని కారంపూడిలో వలె ఆ పేర్లను తడిమి చూసే మనుమలు అక్కడ లేరు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరాన్ని 'మిలటరీ మాధవరం' అని లోకం పిలుస్తుంది. తరతరాలుగా సైనికులను పంపిన ఆ ఊరు తన స్మారకస్తంభాన్ని తన నడుమనే నిలుపుకొన్నది.

చివరగా, మీలో సైన్యంలో చేరదలచినవారికి ఒక మాట. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చిన తరువాత జవానుల ప్రవేశం ఆ మార్గంలోనే జరుగుతున్నది. పైన చెప్పిన పింఛను, కుటుంబ పింఛనుల లెక్కలు అగ్నివీరులకు వర్తించవు. వారి సేవ నాలుగేండ్లు. అందులో 25 శాతం మించకుండా మాత్రమే స్థిరసేవకు ఎంపిక చేస్తారు. వెలుపలికి వచ్చినవారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి లభిస్తుంది, పింఛను ఉండదు. విధుల్లో మరణిస్తే 48 లక్షల బీమాతోపాటు ఇతర పరిహారాలు కుటుంబానికి చెందుతాయి. ఈ మార్పు ఉచితమా, అనుచితమా అన్న చర్చ దేశంలో జరుగుతూనే ఉన్నది. మైదానంలో తెల్లవారుజామున పరుగు సాధనచేసే యువకుడు, అతనిని కన్నవారు ఈ నియమాలను దరఖాస్తుకు ముందే చదవాలి. చేరిన తరువాత దళంలో వ్రాయించే మొదటి కాగితంపైనే తల్లిదండ్రుల పేర్లు, వారసుని పేరు ఆధార్‌లో ఉన్నట్లే అక్షరం తప్పకుండా వ్రాయించాలి.

అర్థాలు

వాఙ్మయం : సాహిత్యం
వీరగల్లు : వీరుని స్మృతికై నాటిన శిల
మాన్యం : పన్ను లేకుండా ఇచ్చిన భూమి
ఉదారీకృత : ఎక్కువ ఉదారంగా సవరించిన
లోకజ్ఞత : లోకవ్యవహారం తెలిసి ఉండడం

ప్రశ్నలు

1. నారదుని ప్రశ్నలోని 'నీ కొరకు' అన్న మాటకు వ్యాసకర్త ఇచ్చిన ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. కుటుంబ పింఛనులోని మూడు విధాలను ఉదాహరణతో తెలపండి.
3. 'అతడు పోయిన మరునాటి నుండి అవి ముగ్గురు మనుషులు.' సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలోని ఒక మాజీ సైనికుని గాని, సైనికుని కుటుంబసభ్యులను గాని కలిసి, వారికి ఏ సదుపాయాలు అందుతున్నవో, ఏవి అందడం లేదో తెలుసుకొని ఒక నివేదిక వ్రాయండి.